మొదటి పడవ ఇంటి దగ్గరే కట్టుకుంటానన్న తమ్ముడికి

నువ్వు అడిగింది ఇదీ: చేపలు పట్టుకోడానికి ఇద్దరు కూర్చునే చిన్న చెక్క పడవ ఇంటి దగ్గరే కట్టాలి, వడ్రంగం పెద్దగా రాదు, చేతిలో ఒక జిగ్‌సా, ఒక డ్రిల్లు మెషీను ఉన్నాయి, పలకలు పేర్చి కట్టాలా ప్లైవుడ్‌తో కట్టాలా, మామూలు చెక్క జిగురు సరిపోతుందా, తర్వాత చిన్న మోటారు తగిలించొచ్చా అని. అన్నా అని పిలిచావు కాబట్టి నేనూ నువ్వు అనే రాస్తున్నా, ఏమనుకోకు. ఇప్పటికి ఐదు కట్టాను, అందులో మొదటిది ఇప్పుడు లేదు, ఎందుకు లేదో కింద చెప్తా, ఎందుకంటే నువ్వు అడగని ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది.

ముందు పలకలా ప్లైవుడ్డా అనేది తేల్చేద్దాం. పలకల పడవ చూడ్డానికి బావుంటుంది, నాకూ ఇష్టమే, కానీ అది నీళ్ళలోనే ఉండాల్సిన వస్తువు. పలకకీ పలకకీ మధ్య సందులో పత్తి కుక్కి పైన పూత పూస్తారు, నీళ్ళలో దించాక చెక్క నీళ్ళు తాగి ఉబ్బితే అప్పుడు ఆ సందులు బిగుసుకుంటాయి. నువ్వు వారానికో పూట దించి మళ్ళీ ఇంటికి తెచ్చి షెడ్డులో పెడతావు, మిగతా ఆరు రోజులూ చెక్క ఎండుతుంది, కుంచించుకుపోతుంది, మళ్ళీ దించినప్పుడు కారుతుంది, ఇక నువ్వు చేపల సంగతి వదిలేసి డబ్బాతో నీళ్ళు తోడుతూ కూర్చుంటావు. ప్లైవుడ్‌కి ఈ గొడవ లేదు, పొరలు అడ్డంగా నిలువుగా అతికించి ఉంటాయి కాబట్టి అది పెద్దగా ఉబ్బదు, కుంచించుకోదు. పైగా పలకల పనికి వంచడం, చిత్రిక పట్టడం, ప్రతి అంచూ పక్కదానికి సరిపోయేలా చెక్కడం, ఇదంతా చేతికి రావడానికి ఏళ్ళు పడుతుంది. కాబట్టి ప్లైవుడ్, అందులోనూ కుట్టి అతికించే పద్ధతి.

కుట్టడం అంటే నిజంగా కుట్టడమే. ప్లైవుడ్ పలకల అంచుల దగ్గర చిన్న చిల్లులు పెట్టి రాగి తీగతోనో ప్లాస్టిక్ జిప్ టైలతోనో రెండు అంచుల్నీ దగ్గరకి లాగి మెలేస్తాం, అక్కడక్కడా ఎపాక్సీ (రెజిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) చుక్కలు పెడతాం, అవి గట్టిపడ్డాక తీగలు పీకేసి, లోపలి మూలలో ఎపాక్సీ ముద్ద పెట్టి దాని మీద ఫైబర్‌గ్లాస్ టేపు అతికిస్తాం. ఇది ఎవరో ఇంటర్నెట్‌లో కనిపెట్టిన చిట్కా అనుకోకు. 1960ల మొదట్లో బ్రిటన్‌లో టీవీలో ఇంటి పనులు చేసి చూపించే బ్యారీ బక్నెల్, పడవల డిజైనర్ జాక్ హోల్ట్ కలిసి ఇదే పద్ధతిలో మిర్రర్ డింగీ అనే చిన్న తెరచాప పడవ తయారుచేశారు, డైలీ మిర్రర్ పత్రిక దాన్ని జనంలోకి తీసుకెళ్ళింది, 3.3 మీటర్ల ఆ పడవలు 70,000 పైనే వచ్చాయి. కట్టినవాళ్ళలో చాలామంది అంతకుముందు ఒక బెంచీ కూడా చేసి ఉండరు. అంచేత వడ్రంగం రాదని భయపడకు.

డిజైన్ మాత్రం నువ్వు సొంతంగా గియ్యకు. మొదటి పడవకి అస్సలు వద్దు. ఇంట్లో కట్టుకునేవాళ్ళ కోసమే ఫిల్ బోల్జర్ లాంటి డిజైనర్లు బోలెడు ప్లైవుడ్ పడవలు గీసి పెట్టారు, ఉచితంగా దొరికే ప్లాన్లు కూడా ఉన్నాయి, ఇప్పటికే చాలామంది కట్టి నీళ్ళలో తిప్పిన ప్లాన్ ఒకటి ఎంచుకో. నీకు కావాల్సింది పన్నెండు అడుగుల పొడవు, చదునైన అడుగు, పక్కలు బయటికి కొంచెం వాలి ఉండే స్కిఫ్ అనే రకం చిన్న పడవ. అడుగు వెడల్పు మూడుంపావు అడుగులకి తగ్గకుండా, పైన అంచు దగ్గర నాలుగు అడుగులకి పైన ఉండేది చూసుకో. ప్లాన్ చేతికొచ్చాక వెంటనే చెక్క కొయ్యకు, ముందు పదోవంతు సైజులో అట్టముక్కతో మోడల్ చెయ్. పన్నెండు అడుగులు అంటే 366 సెంటీమీటర్లు, మోడల్ 36.6 సెంటీమీటర్లు వస్తుంది, పలకలు కత్తిరించి సెలోటేపుతో అతికించు. ఒక సాయంత్రం పని. ఏ పలక ఎటు వంగుతుందో, ముందు కొస దగ్గర ఎక్కడ బిగుస్తుందో నీ వేళ్ళకి తెలుస్తుంది. ప్లాన్‌లో ఏదైనా కొలత నువ్వు తప్పు చదివినా అట్టలోనే బయటపడుతుంది, నా మూడో పడవకి పక్క పలకలో ఒక కొలత ఇరవై మిల్లీమీటర్లు తప్పు చదివాను, మోడల్‌లో ముందు కొస ఒక పక్కకి మూతి తిప్పుకుంది, అప్పుడు దొరికింది.

వెడల్పు మీద ఎందుకు పట్టుబడుతున్నానంటే, పడవ ఊగకుండా నిలబడే గుణం నీటి మట్టం దగ్గరి వెడల్పు మీద మామూలుగా కాదు, దాని ఘనం లెక్కన పెరుగుతుంది. వెడల్పు పది శాతం పెంచితే ఆ నిలకడ ముప్పైమూడు శాతం దాకా పెరుగుతుంది. చేపలు పట్టేవాడు కూర్చోడు కదా, గాలం పడగానే లేచి నిలబడతాడు, పక్కకి వంగుతాడు, రెండోవాడు వలో బుట్టో అందుకోడానికి అదే పక్కకి వస్తాడు. సన్నటి పడవ వేగంగా పోతుంది గానీ అక్కడ నిన్ను ముంచుతుంది.

బరువు ఎంత మోస్తుందో నువ్వే లెక్కేసుకోవచ్చు. నీళ్ళలో ఉండే భాగం పొడవు 3.3 మీటర్లు, వెడల్పు 0.95 మీటర్లు అనుకో, ముందు కొస సన్నబడుతుంది కాబట్టి ఆ దీర్ఘచతురస్రంలో డెబ్భై శాతమే అసలు వైశాల్యం, అంటే దాదాపు 2.2 చదరపు మీటర్లు. ఒక సెంటీమీటరు మునిగితే 22 లీటర్ల నీళ్ళు పక్కకి తోస్తుంది, అంటే 22 కిలోలు మోస్తుంది. పడవ 55 కిలోలు, ఇద్దరు మనుషులు 140, సామాను 30, మొత్తం 225 కిలోలు, అంటే పది సెంటీమీటర్లు చిల్లర. అడుగు ముందూ వెనకా కొంచెం పైకి వంపు తిరిగి ఉంటుంది కాబట్టి మధ్యలో ఇంకో రెండు మూడు సెంటీమీటర్లు కలుపుకో. పక్కలు 40 సెంటీమీటర్ల ఎత్తు ఉంటే నీటి మట్టానికి పైన ఇరవైఐదు పైనే మిగులుతుంది, చెరువుకీ నెమ్మదైన నదికీ చాలు. సముద్రంలోకి మాత్రం ఈ పడవతో వెళ్ళకు, ఆ సంగతి ముందే చెప్తున్నా.

ప్లైవుడ్ సంగతి. మెరైన్ ప్లై అని అమ్ముతారు, మన దగ్గర ఐఎస్ 710, బ్రిటిష్ ప్రమాణం అయితే బీఎస్ 1088 అని ముద్ర ఉంటుంది. ముద్ర చూసి నమ్మేసి తెచ్చుకోకు, నేనలా ఒకసారి దెబ్బతిన్నా. షీటు అంచు నాలుగు వైపులా చూడు, మధ్య పొరల్లో సందులు, ఖాళీలు కనిపిస్తే అది లోపల ఇంకా ఎక్కువ ఉన్నట్టే. 6 మిల్లీమీటర్ల షీటులో మూడు పొరలకన్నా ఐదు పొరలది మేలు. ఒక చిన్న ముక్క అడిగి తీసుకుని ఇంట్లో నీళ్ళలో మూడు నాలుగు గంటలు ఉడికించు, బాగా ఆరబెట్టు, మళ్ళీ ఉడికించు, పొరలు విడిపోతే ఆ సరుకు వద్దు. ఐఎస్ 710 పరీక్షలో 72 గంటలు ఉడికిస్తారు, కాబట్టి నిజమైనది నీ గిన్నెలో మూడు గంటలకి ఏమీ కాదు. ఇంకోటి బరువు. 8 బై 4 షీటు 6 మిల్లీమీటర్లది ఒకూమే లాంటి తేలిక చెక్కది అయితే తొమ్మిది కిలోలు ఉంటుంది, గర్జన్ లాంటి బరువు చెక్కది అయితే పదమూడు దాకా పోతుంది, నాలుగు షీట్ల దగ్గరే పదహారు కిలోల తేడా. ఒక్కడివే వాహనం మీదకి ఎత్తుకునే రోజు అది తెలుస్తుంది. అడుగుకి 9 మిల్లీమీటర్లు, పక్కలకి 6, నా లెక్క ఇది, కానీ ప్లాన్‌లో ఏం రాసుంటే అదే పాటించు.

షీటు ఎనిమిది అడుగులే, పడవ పన్నెండు, కాబట్టి రెండు షీట్లు పొడుగ్గా అతకాలి. వాలుగా చెక్కి ఒకదాని మీద ఒకటి అతికే పద్ధతి ఉంది, మందానికి ఎనిమిది రెట్లు వాలు, అంటే 6 మిల్లీమీటర్లకి 48, చూడ్డానికి చక్కగా ఉంటుంది, వంగినప్పుడు వంపు కూడా సాఫీగా వస్తుంది, కానీ మొదటిసారికి చేతకాదు. రెండు అంచులూ ఆనించి రెండు వైపులా గ్లాస్ క్లాత్ ఎపాక్సీతో వేసెయ్, లేదా లోపలివైపు ఆరంగుళాల వెడల్పు ప్లై పట్టీ అతికించు. అతుకు పడవ సరిగ్గా మధ్యలో, బాగా వంగే చోట రాకుండా చూసుకుంటే చాలు.

కొయ్యడం గురించి ఎక్కువ చెప్పేదేం లేదు, రెండు పక్క పలకలూ ఒకదాని మీద ఒకటి పెట్టి క్లాంపులు బిగించి ఒకేసారి గీతకి రెండు మిల్లీమీటర్లు బయటగా కొయ్యి, తర్వాత రెండింటినీ కలిపే చిత్రిక పట్టు, అప్పుడు రెండూ కచ్చితంగా ఒకేలా వస్తాయి. వంపు గీత గియ్యడానికి పొడుగాటి సన్న బద్దని మేకుల మధ్య వంచి దాని వెంట గియ్యి. అంచుకి పది మిల్లీమీటర్ల లోపలగా, ఆరంగుళాలకొకటి చొప్పున చిల్లులు పెట్టు, వంపు ఎక్కువున్న ముందు కొస దగ్గర ఇంకా దగ్గరగా. కుట్లు మొదట వదులుగానే వెయ్యి, అన్నీ వేశాక అటు ఒకటి ఇటు ఒకటి బిగించుకుంటూ రా.

ఇప్పుడు అసలు చోటుకొచ్చాం. కుట్టడం అయ్యాక పడవ ఒక పూట పడవలా కనిపిస్తుంది, ఫోటోలు తీసుకుంటావు, అందరికీ పంపుతావు, మర్నాడే ఎపాక్సీ పోసెయ్యాలని చెయ్యి దురద పెడుతుంది. ఆగు. ఆ సమయంలో అది తడిసిన అట్టపెట్టెలాంటిది, ఎటు తోస్తే అటు తిరుగుతుంది, ఎపాక్సీ గట్టిపడే క్షణానికి ఏ ఆకారంలో ఉంటే జీవితాంతం అదే ఆకారం. నా మొదటి పడవ వెనక ఎడమ మూల ఒక అంగుళం కిందకి ఉండిపోయింది, కంటికి కనిపించలేదు, నీళ్ళలో మాత్రం తెడ్డు వేస్తే ప్రతిసారీ ఒక పక్కకే లాగేది, ఎంత సరిచేసినా పోలేదు.

మెలి తిరిగిందో లేదో చూసే పద్ధతి చెప్తా, ఇది తొందరపడకుండా చెయ్యి. పడవ నిటారుగా, అంటే నోరు పైకి ఉండేలా స్టాండ్ల మీద పెట్టు. రెండు తిన్నటి అల్యూమినియం పట్టీలు తీసుకో, నాలుగున్నర అడుగుల పొడవుంటే బావుంటుంది. ఒకటి ముందు వైపు రెండు అంచుల మీద అడ్డంగా పెట్టు, ఇంకోటి వెనకవైపు. ఇప్పుడు వెనక్కి నాలుగడుగులు వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, ఒక కన్ను మూసి దగ్గరి పట్టీ పై అంచు మీదుగా దూరం పట్టీని చూడు. తలని మెల్లగా కిందకి దించుతుంటే దూరం పట్టీ దగ్గరి పట్టీ వెనక మాయమవుతుంది, రెండు కొసలూ ఒకేసారి మాయమైతే పడవ సరిగ్గా ఉన్నట్టు. ఒక కొస ముందు మునిగి రెండోది ఇంకా కనిపిస్తుంటే మెలి ఉంది. స్టాండు కింద ఒక మూల చెక్కముక్క పెట్టి లేపు, మళ్ళీ చూడు. మూడు మిల్లీమీటర్ల తేడా కూడా ఈ పద్ధతిలో కనిపిస్తుంది. తర్వాత ముందు కొస నుంచి వెనక పలక రెండు మూలలకీ టేపు పెట్టి కొలువు, రెండూ సమానం రావాలి. మధ్యలో అడ్డబద్ద పెట్టి ప్లాన్‌లో ఉన్న వెడల్పుకి పక్కల్ని తెరిచి పట్టు. ఇదంతా అయ్యాక ఒక రాత్రి వదిలెయ్, పొద్దున్నే లేచి మళ్ళీ చూడు, ఎండకీ చల్లదనానికీ ఏదో ఒకటి జరుగుతుంది. అప్పుడు కుట్ల మధ్య మధ్యలో చిన్న చిన్న ఎపాక్సీ చుక్కలు పెట్టి ఆకారాన్ని బంధించు, అవి గట్టిపడ్డాక తీగలు పీకి, అప్పుడు మూలంతా నింపు. తీగ రాకపోతే సోల్డరింగ్ ఐరన్‌తో వేడి చేస్తే జారిపోయి వచ్చేస్తుంది.

జిగురు గురించి అడిగావు. మామూలు తెల్ల జిగురు వద్దు, నీళ్ళలో నానితే మెత్తబడుతుంది. పాలియెస్టర్ రెజిన్ చవకని కొందరు వాడతారు, చెక్కకి దాని పట్టు బలహీనం, కొన్నాళ్ళకి గ్లాస్ పొర అట్టలా లేచొస్తుంది. ఎపాక్సీయే వాడు, ఈ సైజు పడవకి బయటంతా క్లాత్ వేస్తే ఎనిమిది నుంచి పది లీటర్లు పడుతుంది. అలాగే గ్లాస్ కొనేటప్పుడు నేసిన గుడ్డలా ఉండేదే తీసుకో, ముక్కలు ముక్కలుగా అతికించి ఉండే మ్యాట్ తీసుకోకు, మామూలుగా దొరికే మ్యాట్‌లో ఆ ముక్కల్ని పట్టి ఉంచే బంక పాలియెస్టర్‌లో ఉండే స్టైరీన్‌కి కరుగుతుంది, ఎపాక్సీకి కరగదు, అది సరిగా తడవదు.

ఎపాక్సీలో జనం చేసే తప్పు ఒకటే, కొలత. డబ్బా మీద రెజిన్ రెండుకి హార్డెనర్ ఒకటి అని ఉంటే రెండుకి ఒకటే, అది బరువులోనా పరిమాణంలోనా అనేది కూడా చదువు. తొందరగా గట్టిపడుతుందని హార్డెనర్ ఎక్కువ పొయ్యడం రోడ్డు పక్క పంక్చర్ సొల్యూషన్ ఆలోచన, ఇక్కడ రెండూ ఒకదాంతో ఒకటి లెక్క ప్రకారం కలుస్తాయి, ఎక్కువైనది ఏదైనా కలవకుండా లోపల జిడ్డుగా మిగిలిపోతుంది, ఎన్ని రోజులైనా గట్టిపడదు, గోకి తీసెయ్యడం తప్ప దారి లేదు. ఒకటిన్నర రెండు నిమిషాలు కలుపు, గిన్నె అంచులూ అడుగూ గీకి మరీ కలుపు. ఒకేసారి ఎక్కువ కలపకు. కప్పులో లోతుగా ఉంటే దాని వేడికి అదే ఇంకా వేడెక్కుతుంది, నేను ఒకసారి ఫోన్ వచ్చిందని అరలీటరు కప్పు పక్కన పెట్టి మాట్లాడుతూ నిలబడ్డా, ఏదో కాలుతున్న వాసన, తిరిగి చూస్తే కప్పులోంచి పొగ, ప్లాస్టిక్ కప్పు అడుగు కరిగి టేబుల్‌కి అతుక్కుపోయింది, లోపలంతా పసుపు నురగ గట్టిపడి రాయి. కలపగానే వెడల్పాటి ట్రేలో పల్చగా పోసుకుంటే చాలాసేపు ఆగుతుంది. వాతావరణం పది డిగ్రీలు పెరిగితే నీకు దొరికే టైము దాదాపు సగానికి పడిపోతుంది అని గుర్తుపెట్టుకో.

ఇంకో చిన్న కిటుకు, ఎవరూ చెప్పరు. మొదటి పూత సాయంత్రం వెయ్యి. పొద్దున వేస్తే ఎండ ఎక్కేకొద్దీ చెక్కలో ఉన్న గాలి వ్యాకోచించి బయటికి తోసుకొస్తుంది, పూత నిండా సన్న బుడగలు. సాయంత్రం చల్లబడుతుంటే అదే గాలి లోపలికి కుంచించుకుంటూ ఎపాక్సీని కూడా చెక్కలోకి లాక్కుంటుంది.

చేతులకి గ్లోవ్స్ లేకుండా పట్టుకోకు. మొదట్లో ఏం కాదు, అందుకే జనం లెక్కచెయ్యరు, ఒకసారి ఒంటికి పడకపోవడం మొదలైతే ఇక ఎప్పటికీ పడదు, వాసన తగిలినా దద్దుర్లు వస్తాయి. చర్మం మీద పడితే థిన్నర్‌తో తుడవకు, అది ఇంకా లోపలికి తీసుకెళ్తుంది, సబ్బుతో కడుక్కో. గరుకు కాగితం పట్టేటప్పుడు మాస్కు తప్పనిసరి. గట్టిపడ్డ ఎపాక్సీ మీద ఒక్కోసారి మైనంలా జారే పొర వస్తుంది, కాగితం పట్టే ముందే దాన్ని మామూలు నీళ్ళతో గిన్నెలు తోమే పీచు పెట్టి కడిగెయ్, లేకపోతే ఆ జిడ్డుని నువ్వే చెక్కంతా రుద్దినట్టు అవుతుంది, తర్వాతి పూత పట్టదు.

మూలలు నింపడానికి ఎపాక్సీలో సన్నటి రంపం పొట్టు, కొంచెం సిలికా పొడి కలుపు. కర్రతో ఎత్తితే జారకుండా నిలబడాలి, గోడలకి పెట్టే లప్పంలా. గుండ్రటి కొస ఉన్న కర్రతో ఇరవై మిల్లీమీటర్ల రేడియస్‌లో మూలంతా ఒకే లాగుడుగా లాగు. అది పూర్తిగా గట్టిపడకముందే మూడంగుళాల గ్లాస్ టేపు పెట్టి బ్రష్‌తో పల్చటి ఎపాక్సీ తడుపు, తెల్లగా ఉన్న టేపు పారదర్శకంగా మారితే తడిసినట్టు, తెల్ల మచ్చలు మిగిలితే అక్కడ గాలి ఉంది. తడిలోనే చేస్తే రసాయనికంగా ఒకటైపోతుంది, మర్నాటి దాకా ఆగితే మళ్ళీ రుద్దాల్సిందే. మైక్రోబెలూన్ల పొడి (సన్నటి బోలు గోళీల పొడి) మాత్రం ఇక్కడ వాడకు, అది గుంటలు పూడ్చి నునుపు చెయ్యడానికే, బలం ఉండదు.

తర్వాత తిరగేసి బయటి మూలల్ని పావంగుళం రేడియస్‌కి గుండ్రంగా చెయ్యి, పదునైన మూల మీద గ్లాస్ గుడ్డ పరుచుకోదు, లేచిపోతుంది. అడుగంతా, పక్కల మీద కొంతవరకు చదరపు మీటరుకి 200 గ్రాములుండే గ్లాస్ క్లాత్ వెయ్యి. రాళ్ళ మీద లాగినప్పుడు గీతలు పడేది అడుగే.

పై అంచుకి లోపలా బయటా చెక్క బద్దలు వస్తాయి, పడవకి సగం బిగువు ఇవే ఇస్తాయి. తిన్నటి ఈనె ఉన్న, ముడులు లేని, బాగా ఎండిన చెక్క కావాలి. ఎండిందో లేదో తెలియాలంటే ఒక ముక్క తూకం వేసి వారం తర్వాత మళ్ళీ తూకం వెయ్యి, తగ్గుతూ ఉంటే ఇంకా ఆగాలి. టేకు వాడితే అతికించే ముందు ఆ అంచుని అసిటోన్‌తో తుడువు, దాని నూనె జిగురుని పట్టనివ్వదు.

ముందూ వెనకా సీట్ల కింద మూసేసిన పెట్టెలు కట్టడం మర్చిపోకు. ఖాళీ చెక్క పడవ నీళ్ళు నిండినా తేలుతుంది, నిజమే, కానీ మోటారూ సామానూ ఉన్నాక, ఇద్దరు మనుషులు దాన్ని పట్టుకుని వేలాడుతున్నప్పుడు తేలాలి. మూసిన పెట్టెలో ప్రతి లీటరుకీ దాదాపు ఒక కిలో మోస్తుంది, ముందు అరవై వెనక అరవై లీటర్లు ఉంటే మంచిది. పెట్టె మూత కారితే ఆ లెక్కంతా పోతుంది కాబట్టి లోపల మూతలు గట్టిగా బిగించిన ఖాళీ ప్లాస్టిక్ బాటిళ్ళు నింపెయ్, బీమా లాంటిది. ఇంటికొచ్చాక పెట్టెల మూతలు తెరిచి ఉంచు, లోపల గాలాడాలి. లైఫ్ జాకెట్లు ఇద్దరికీ, ఈత వచ్చినా సరే, దీని మీద చర్చ లేదు.

మోటారు పెట్టొచ్చు, కానీ రెండు మూడు హార్స్‌పవర్ చాలు. ఈ పడవ నీటి దగ్గరి పొడవు పదకొండు అడుగులు, దాని వర్గమూలం 3.3, దాన్ని 1.34తో గుణిస్తే పడవ సులువుగా అందుకునే వేగం వస్తుంది, 4.4 నాట్లు, అంటే గంటకి ఎనిమిది కిలోమీటర్లు. అడుగు వంపు తిరిగిన ఇలాంటి పడవ ఆ వేగం దాటాలంటే అది లేపిన అలనే అది ఎక్కాలి, పది హార్స్‌పవర్ పెడితే వెనక భాగం కూరుకుపోయి ముక్కు ఆకాశం చూస్తుంది తప్ప వేగం రాదు. వెనక పలక రెండు పొరలు అతికించి కనీసం 18 మిల్లీమీటర్లు ఉండేలా చెయ్యి, షార్ట్ షాఫ్ట్ మోటారుకి, అంటే కిందికి దిగే కాడ పొట్టిగా ఉండేదానికి, ఆ పలక ఎత్తు పదిహేను అంగుళాలు, లాంగ్ షాఫ్ట్‌కి ఇరవై. మోటారుతో పాటు నువ్వు కూడా వెనకే కూర్చుంటే ముందు భాగం లేచిపోతుంది, హ్యాండిల్‌కి ఒక పైపు ముక్క తొడిగి మధ్య సీటు మీద కూర్చుని నడుపు. నీ దగ్గర పడవ రిజిస్ట్రేషన్ రూల్స్ ఏమున్నాయో మోటారు కొనేముందు కనుక్కో.

ఇప్పుడు నా మొదటి పడవ సంగతి. మెలి ఉన్నా రెండేళ్ళు వాడాను. మూడో ఏడు వర్షాలయ్యాక వెనక పలక మీద బొటనవేలితో నొక్కితే లోపలికి దిగింది. పైన పెయింటు నిగనిగలాడుతోంది, లోపల చెక్క నల్లగా, తడి మట్టిలా చేతికొచ్చింది. కారణం నీళ్ళు బయటికి పోయే చిల్లు, మోటారు బోల్టులు. పూతలన్నీ అయ్యాక డ్రిల్లుతో ఉత్త చిల్లులు పెట్టి బోల్టులు బిగించేశాను, చిల్లు లోపలి గోడ పచ్చి చెక్క, ప్లైవుడ్ పొరల అంచులు స్ట్రాలాగా నీళ్ళు పీల్చుకుంటాయి. పైగా బయట నోరు పైకి పెట్టి ఉంచాను, వాన నీళ్ళు వెనక మూలలో వారాల తరబడి నిలిచాయి. చెక్క కుళ్ళేది బూజు వల్ల, తేమ ఇరవై శాతం దాటితే దానికి పండగ, అందులో వాన నీళ్ళు ఉప్పు నీళ్ళకంటే చెడ్డవి. అడుగున నేను ఎంతో జాగ్రత్తగా వేసిన అతుకులు ఒక్కటి కూడా కారలేదు, పడవ మాత్రం పోయింది.

అప్పట్నుంచి నేను ఏ చిల్లు పెట్టినా మూడు మెట్లు. 8 మిల్లీమీటర్ల బోల్టు కావాలంటే ముందు 12 మిల్లీమీటర్ల చిల్లు పెడతా, ఒక పక్క టేపు అతికించి మూసి లోపలి గోడకి పల్చటి ఎపాక్సీ తాగించి ఆ తర్వాత చిక్కటి ఎపాక్సీతో నింపేస్తా, మర్నాడు దాని మధ్యలో 8 చిల్లు. బోల్టు ఇప్పుడు చెక్కని తాకదు, ప్లాస్టిక్ బుష్షులో ఉన్నట్టు ఉంటుంది. సీటు స్క్రూల దగ్గర నుంచి తెడ్ల రోలాక్‌ల (అంచు మీద తెడ్డుని పట్టి ఉంచే కొక్కేల) దాకా అన్నిటికీ ఇదే, విసుగు పుడుతుంది, పుట్టినా చెయ్యి. స్క్రూలు స్టెయిన్‌లెస్‌వి, ఇత్తడివి ఉప్పు నీళ్ళలో పిండైపోతాయి. ప్లై అంచు ఎక్కడ బయటికి కనిపించినా మూడు పూతల ఎపాక్సీ.

పెయింటు తప్పదు, అందం కోసం మాత్రమే అనుకోకు, ఎపాక్సీ ఎండకి ఆగదు, ఏడాదిలో సుద్దలా రాలుతుంది. లేత రంగు వెయ్యి, ముదురు రంగు ఎండలో కాలిపోతుంది. తెడ్ల పొడవుకి లెక్క ఉంది, రెండు రోలాక్‌ల మధ్య దూరంలో సగం అంగుళాల్లో తీసుకుని రెండు కలుపు, ఏడుతో భాగించి ఇరవైఐదుతో గుణించు, నాలుగు అడుగులకి 93 అంగుళాలు వస్తుంది, అంటే ఏడుముప్పావు అడుగులు. రోలాక్‌లు సీటు వెనక అంచు నుంచి అడుగు దూరంలో, నువ్వు కూర్చున్నప్పుడు నీ వీపు వెనకవైపు కాదు, నీ మోకాళ్ళ వైపు లెక్క, ఇక్కడే కొందరు తికమకపడతారు, తెడ్డు వేసేవాడు పడవ వెనక భాగాన్ని చూస్తూ కూర్చుంటాడు కాబట్టి ఆ కొలత పడవ వెనకవైపుకి.

మొదటిసారి దించేటప్పుడు నడుము లోతు నీళ్ళలో, ఇంకొకరు పక్కన ఉండగా చెయ్యి. ఖాళీగా తేలినప్పుడు నీటి గీత బయట పెన్సిల్‌తో గుర్తు పెట్టు, రెండు పక్కలా సమానంగా ఉందో చూడు. తర్వాత కావాలనే నీళ్ళు నింపి ముంచు, పెట్టెలు దాన్ని మట్టంగా పట్టుకున్నాయా ముందుకో వెనక్కో ఒరుగుతోందా చూడు, ఒరిగితే ఆ వైపు పెట్టె కారుతోంది. ఇంటికి తెచ్చాక నోరు కిందకి బోర్లించి, నేలకి ఆనకుండా రెండు దుంగల మీద పెట్టు, పైన టార్పాలిన్ కప్పితే పక్కల గాలాడేలా వదులుగా కప్పు.

ప్లాన్ ఎంచుకున్నాక దాని పేరు, అడుగు వెడల్పు ఎంతుందో చెప్పు. అట్ట మోడల్ చేసి ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి ఫోటో పెట్టు, మూతి తిరిగిందేమో చూసి చెప్తా, ఆ తర్వాతే షీట్లు కొను.